ఎర్సీలియా వేయించిన రంగు

మా పెళ్లి ఫోటోలో నా తల వెనక గోడ ఉబ్బి ఉంటుంది. ఫోటో తీసినాయన అది గమనించలేదు. మేమూ గమనించలేదు. బియ్యపు గింజ ఒకటి కంట్లో పడి నేను ఒక కన్ను మూసుకుని నవ్వుతున్నాను. ఫబ్రీసియో గోడనీ చూడడం లేదు, కెమెరానీ చూడడం లేదు. నా కంట్లో గింజ తీయడానికి వేలు చాపి ఉన్నాడు. మా వెనక మా ఊరి గ్రంథాలయం ముందు గోడ. మీగడ రంగు గోడ, కాఫీ రంగు స్తంభాలు, తలుపు పైన గచ్చుతో చేసిన తెరిచిన పుస్తకం, దానికి అటొకటి ఇటొకటి ఇద్దరు ఆడవాళ్ల తలలు. ఎడమవైపు తల కింద, సరిగ్గా నా పూల కిరీటం మీద, ఆ మీగడ రంగు నూనెలో వేసిన పిండిలా పొంగి ఉంది.

కొలోనియా అల్మిరాలో పెళ్లి విందులన్నీ గ్రంథాలయంలోనే జరుగుతాయి. పుస్తకాల గది వెనక స్టేజి ఉన్న పెద్ద హాలు ఉంది. ఊళ్లో అంత పెద్ద గది మరొకటి లేదు. మా అమ్మా నాన్నా అక్కడే పెళ్లి చేసుకున్నారు, ఫబ్రీసియో వాళ్ల అమ్మా నాన్నా అక్కడే. నేను అక్షరాలు కూడబలుక్కున్నదీ అక్కడే. రొసారియోలో కాలేజీ చదువు ముగించుకుని వచ్చాక మధ్యాహ్నాలు పుస్తకాలు ఇచ్చే ఉద్యోగం దొరికిందీ అక్కడే. వేసవి మిట్టమధ్యాహ్నం ఊరంతా కిటికీలు మూసుకుని పడుకున్నప్పుడు, ఆ మందపాటి గోడల మధ్య పూల పలకల నేల మీద చెప్పులు విడిచి నడిస్తే అరికాళ్లకు చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం కోసమైనా ఆ ఉద్యోగం చేయవచ్చు.

పెళ్లి ఫోటోలో అత్తయ్య లేదు. ఫబ్రీసియో వాళ్ల అమ్మ ఎర్సీలియా, మా అత్తయ్య, అంతకుముందు ఏప్రిల్‌లో, మా వైపు చలి మొదలయ్యే రోజుల్లో పోయింది. బడిలో పంతులమ్మ. రిటైరయ్యాక గ్రంథాలయ సంఘానికి అధ్యక్షురాలు. ఆ గోడకు రంగు వేయించింది ఆవిడే.

మా నేలలో రాయి దొరకదు. ఎంత లోతు దున్నినా నాగలికి గులకరాయి తగలదు, అంతా నల్లమట్టే. ఇటలీ కొండల నుంచి వచ్చి ఈ ఊరు కట్టుకున్నవాళ్లకు అదొక్కటే వెలితిగా ఉండేదట. అందుకే గ్రంథాలయం కట్టేటప్పుడు ఇటుక గోడ మీద సున్నం, ఇసుక, చలువరాతి పొడి, అభ్రకం కలిపిన గచ్చు పూసి, అది ఆరేలోగా గీతలు గీసి, రాతి దిమ్మెలు పేర్చినట్టు చేశారు. దూరం నుంచి చూస్తే బూడిద రంగు రాతి భవనమే. వాన వెలిసి ఎండ తగిలితే అభ్రకం తళతళలాడేది. చిన్నప్పుడు మేం దాన్ని చేప పొలుసులు అనేవాళ్లం, గోరుతో ఊడదీయాలని చూసేవాళ్లం. ఊడేవి కావు.

బూడిద రంగు పిల్లలకు దిగులు పుట్టిస్తుందని అత్తయ్య అభిప్రాయం. లాటరీ టికెట్లు అమ్మి, కేకులు అమ్మి, డ్యాన్సులు పెట్టించి ప్లాస్టిక్ పెయింటు కొనిపించింది. ఒక ఆదివారం ఊరంతా బ్రష్షులు పట్టుకుని వచ్చింది. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. నా వంతుకు ఒక స్తంభం అడుగు భాగం వచ్చింది. సాయంత్రానికి భవనం పుట్టినరోజు కేకులా తయారైంది. అందరూ చప్పట్లు కొట్టారు. తలుపు పక్కన పింగాణీ పలక ఒకటి అతికించారు: "శ్రీమతి ఎర్సీలియా అధ్యక్షతన ఈ ముఖభాగానికి రంగు వేయబడినది."

అత్తయ్య పోయాక మావయ్య దెల్మో మనిషి మొద్దుబారిపోయాడు. ఏడవలేదు. కోప్పడలేదు. పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. వయసులో ఉన్నంతకాలం పాల ట్యాంకరు నడిపిన మనిషి, ఇప్పటికీ చీకటితోనే లేస్తాడు, లేచి వంటింట్లో కూర్చుంటాడు. టీవీ పెట్టుకుంటాడు కానీ శబ్దం పెట్టడు. ఊళ్లోవాళ్లు ఎదురైతే టోపీ తీసి, ఆయన చెయ్యి నొక్కి, "దోన్ దెల్మో" అని గౌరవంగా పిలిచి తల దించుకుని వెళ్లిపోతారు. ఆయన చెయ్యి అలాగే చాపి ఉంచేవాడు, ఇంకెవరైనా నొక్కాలేమో అన్నట్టు.

పెళ్లయ్యాక మేం మావయ్య ఇంట్లోనే వెనక గదిలో కాపురం పెట్టాం. ఒక గ్లాసులో రెండు పళ్ల బ్రష్షులు చూసినా నాకు నవ్వొచ్చే రోజులవి. ఫబ్రీసియో జున్ను ఫ్యాక్టరీ నుంచి వచ్చి స్నానం చేస్తూ తప్పుడు మాటలతో పాటలు పాడితే నేను తలుపు బయట నిలబడి వినేదాన్ని. కానీ వంటింట్లో మావయ్య ఉండేవాడు. నవ్వొస్తే దిండులో మొహం పెట్టి నవ్వుకునేవాళ్లం. ఆ ఇంట్లో మా సంతోషం మేజోళ్లు తొడుక్కుని నడిచేది.

పొద్దున్నే టీకి బదులు మేం తాగే మాతే నేనే పెట్టేదాన్ని. సొరబుర్రలో ఆకు నింపి, వేడినీళ్లు పోసి, గొట్టంతో పీల్చి, మళ్లీ నీళ్లు పోసి మావయ్యకు అందిస్తే, ఆయన చేతిలో పట్టుకుని కిటికీ వైపు చూసేవాడు. ఎంతసేపు చూసేవాడంటే అది పూర్తిగా చల్లారిపోయేది. అప్పుడు తాగి, బుర్ర తిరిగిచ్చేసేవాడు. చల్లారిన మాతే మా ఊళ్లో ఎవడికైనా ఇస్తే ఉమ్మేసి, తాతముత్తాతల్ని కూడా తిడతాడు. మావయ్య ఏమీ అనేవాడు కాదు. ఒకసారి పరీక్షకని కావాలనే చన్నీళ్లు పోసి ఇచ్చాను. తాగేశాడు.

జనవరిలో నాలుగు రోజుల ముసురు పట్టి వదిలాక గోడ రాలింది.

నేను గ్రంథాలయం మూసి తాళం వేస్తున్నాను. నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి మావయ్య ఎప్పటిలాగే గోడ వారగా పికప్ ఆపుకుని లోపల కూర్చున్నాడు. పైన ఏదో చిట్లిన చప్పుడైంది. ఎడమవైపు గచ్చు ఆడమనిషి చెవీ, చెవి మీది జుట్టూ, చెంపలో సగం ఊడి పికప్ ముందు భాగం మీద పడ్డాయి. రేకు లోపలికి పోయింది. తెల్లటి దుమ్ము లేచి అద్దమంతా కప్పేసింది. నేను కేక పెట్టాను.

మావయ్య వైపర్ వేశాడు.

అటు ఇటు, అటు ఇటు, వైపర్ దుమ్ము తుడిచింది. అద్దం వెనక మావయ్య మొహం కనిపించింది. వాన నీళ్లే తుడుస్తున్నట్టు మామూలుగా ఉంది మొహం. నేను ఎక్కి కూర్చున్నాక బండి స్టార్ట్ చేశాడు. గచ్చు చెవి ముందు రేకు మీదే ఇంటిదాకా వచ్చింది.

గ్రంథాలయ సంఘంవాళ్లు రాజధాని నుంచి ఒక ఆర్కిటెక్టును పిలిపించారు. సన్నగా, జుట్టు కత్తిరించుకున్న ఆవిడ. నిచ్చెన ఎక్కి, వేలి కణుపుతో గోడంతా తట్టి, దిగి వచ్చి మొహమాటం లేకుండా చెప్పింది. "ఈ గోడకి ఇటుకల మధ్య ఉన్నది మట్టి. కింద నుంచి తేమ లాగుతుంది. ఇన్నేళ్లూ ఆ గచ్చులోంచి తేమ బయటికి పోయేది. మీరు పైన ప్లాస్టిక్ కప్పేశారు. లోపలి నీళ్లు ఎటు పోతాయి? గచ్చుని వెనక నుంచి తోస్తున్నాయి. రంగు తీసేస్తే బతుకుతుంది. యంత్రాలు పెట్టకూడదు, ఇనప బ్రష్షు ముట్టించకూడదు. వేడినీళ్లు, చెక్క గరిటెలు, ఓపిక. ఊడిన చోట మళ్లీ అలాంటి గచ్చే పూయాలి. తీయకపోతే వచ్చే వానలకి ఎవరి నెత్తి మీదో పడుతుంది."

సంఘంవాళ్లు ఆవిడకు కృతజ్ఞతలు చెప్పి, ఊరి సలామీ మాంసం కడ్డీ ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చి బస్సెక్కించారు. ఆవిడ చెప్పింది ఎవరికీ చెప్పకూడదనుకున్నారు. సాయంత్రానికి ఊరందరికీ తెలిసిపోయింది. తెలియనిది మావయ్యకే.

అత్తయ్య తర్వాత అధ్యక్షురాలైంది రొసాల్బా, అత్తయ్య స్నేహితురాలు, వితంతువు. కోశాధికారి ఎల్వియో, ఇనప సామాను కొట్టు యజమాని, బట్టతల, నోటి దురుసు మనిషి. సంఘం సమావేశం పుస్తకాల గదిలోనే జరిగింది. నేను పుస్తకాలు సర్దుతున్నట్టు నటిస్తూ వింటున్నాను.

"పావురాలు," అంది రొసాల్బా.

"పావురాలే," అన్నాడు ఎల్వియో. "వాటి రెట్టలో ఆసిడ్ ఉంటుంది."

"పావురాలు గోడ లోపల దూరి రెట్టలేస్తున్నాయా?" అన్నాను, ఆపుకోలేక.

ఎల్వియో కళ్లద్దాల మీది నుంచి చూశాడు. "కొత్త పెళ్లికూతురికి నోరు లేచిందే! మొగుడు తిండి బాగా పెడుతున్నట్టున్నాడు."

"ఆర్కిటెక్టు చెప్పింది కదండీ..."

"ఆవిడ చాలా చెప్పింది. సలామీ బాగుందని కూడా చెప్పింది." ఆయన కాగితం మీద ఏదో గీస్తున్నాడు. "నున్నగా చేయిద్దాం. ఆ తలలూ, స్తంభాలూ, పుస్తకం అన్నీ కొట్టించేసి మామూలు సిమెంటు. బ్యాంకు భవనంలా ఉంటుంది. మా బావమరిది దగ్గర మనుషులున్నారు, సోమవారం వచ్చి వారంలో దించేస్తారు."

"మీ కొట్టులో సిమెంటు ఉందా?" అన్నాను.

"ఉంటుంది. ఇనప సామాను కొట్లో రొట్టెలుంటాయా?"

"ఎల్వియో, నువ్వు ఊరుకో," అంది రొసాల్బా. నా చెయ్యి పట్టుకుని అట్లాసుల బీరువా పక్కకు తీసుకెళ్లింది. "ఇలా చూడు మారిసెల్. నాకు ఆ గోడంటే ఇష్టం లేదనుకున్నావా? నా పెళ్లి ఫోటో కూడా దాని ముందే. కానీ రంగు గీకించడం మొదలుపెట్టామనుకో, ఎందుకు గీకుతున్నారని అడుగుతాడు. నువ్వెళ్లి చెప్తావా? నీ పెళ్లాం ఊరి గోడని చంపేసిందని చెప్తావా?"

"చంపిందని ఎందుకు, వేరేలా..."

"ఎలా? చెప్పు, వింటాను. నేనూ నేర్చుకుంటాను."

రొసాల్బా నా చెంప తట్టింది. "ఆయనకి మిగిలింది ఆ రంగే అమ్మాయ్. గోడంతా పోతే తుఫానుకి పోయినట్టు పోతుంది. ఎవరి తప్పూ కాదు."

మా ఊళ్లో పోయినవాళ్ల తప్పు ఎత్తరు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, భోజనానికి ముందు చేతులు కడుక్కున్నంత అలవాటు. దొంగ పోయినా, "పొద్దున్నే లేచేవాడు పాపం" అంటారు. ఒక మనిషి చెవిన ఒక్క మాట పడకుండా ఉండడానికి ఊరు ఊరంతా కలిసి రాతిదనిపించే తన ఏకైక భవనాన్ని కొట్టేసుకోబోతోంది. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అందుకే నాకు ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

గోడ కొట్టాలంటే సభ్యులందరి అంగీకారం కావాలి. ఆదివారం సాయంత్రం సభ పెట్టారు.

శనివారం వెనక వసారాలో ద్రాక్ష పందిరి కింద ఫబ్రీసియో, నేను జున్ను కూరి రావియోలీ చేస్తున్నాం. వాడు పిండి పలుచగా వత్తితే నేను గిన్నె అంచుతో కోస్తున్నాను. వాడి ముక్కు మీద పిండి. మామూలుగా అయితే ఆ పిండి చూసి ఒక గంట నవ్వేదాన్ని.

"మావయ్యకి చెప్పేస్తాను," అన్నాను.

"వద్దు."

"నువ్వు చెప్పు పోనీ."

"నేనూ చెప్పను. మారి, మా నాన్న ఎలా ఉన్నాడో చూస్తున్నావు కదా. గాజుగ్లాసు బల్ల అంచున పెట్టినట్టున్నాడు. ఎవరన్నా తుమ్మినా పడిపోతాడు."

"పడితే పడనీ. ఎన్నాళ్లని అంచున ఉంటాడు?"

వాడు పిండి కర్ర కింద పెట్టాడు. "మీ అమ్మ గురించి ఇలా మాట్లాడితే నువ్వు ఊరుకుంటావా? మా అమ్మ ఆ రంగు కోసం ఎన్ని కేకులు చేసిందో నీకేం తెలుసు? వేలు కాలి బొబ్బలెక్కేవి."

"నేను ఆవిణ్ని ఏమన్నాను?"

"ఏమీ అనకు. అదే చెప్తున్నా."

అది మా మొదటి దెబ్బలాట. ఎలా ముగించాలో ఇద్దరికీ తెలియలేదు. కాసేపటికి వాడు మళ్లీ పిండి వత్తాడు, నేను మళ్లీ కోశాను. వంటింటి కిటికీలో మావయ్య శబ్దం లేని టీవీ చూస్తున్నాడు. ఆ మధ్యాహ్నం నాకు కూడా ఏదో మొద్దుబారినట్టయింది. రావియోలీ నోట్లో పెట్టుకుంటే ఉప్పు తెలియలేదు.

ఆదివారం పొద్దున ఎల్వియో ఫోన్ చేశాడు. సోమవారం మనుషులొచ్చేలోగా వ్యవస్థాపకుల పేర్లున్న కంచు పలక గోడ నుంచి విప్పి లోపల పెట్టమన్నాడు. "సభ ఇంకా జరగలేదు కదండీ," అన్నాను. "జరుగుతుందిగా," అన్నాడు. ఫబ్రీసియోకి ఆ పొద్దున ఫ్యాక్టరీలో డ్యూటీ. నాకు అంత పెద్ద మరలు విప్పడం చేతకాదు.

"మావయ్యా, కాస్త మర తిప్పేది తీసుకుని గ్రంథాలయం దాకా వస్తారా?"

"ఊఁ," అన్నాడు. ఎందుకని అడగలేదు.

తెల్లవారుజామున చిరుజల్లు పడి వెలిసింది. వీధిలో ఎవరూ లేరు. చర్చి గంట మోగి ఆగింది. మావయ్య ఒక్కో మరకూ నూనె చుక్క వేసి, కాసేపు ఆగి, తిప్పి, చొక్కా జేబులో వేసుకున్నాడు. చివరి మర వచ్చాక ఇద్దరం చెరోవైపు పట్టుకుని కంచు పలక దించి నేలకు ఆనించాం.

పలక వెనక గోడకు రంగు లేదు. ఆ ఆదివారం ఊరంతా బ్రష్షులు పట్టుకుని వచ్చినప్పుడు పలక విప్పడానికి బద్ధకించి దాని చుట్టూ పూసేశారు. పలకంత మేర పాత బూడిద గోడ అలాగే ఉంది. గీతలు నిన్న గీసినంత పదునుగా ఉన్నాయి. అంచున ఇందాకటి జల్లు తడి తగిలిన చోట ఎండ పడి చేప పొలుసులు తళుక్కుమన్నాయి. నేను చిన్నపిల్లలా వేలు పెట్టాను.

మావయ్య కూడా చూశాడు. తర్వాత మర తిప్పే దాని పిడితో ఆ బూడిద భాగం మీద కొట్టాడు. టక్ మంది. పక్కనే మీగడ రంగు మీద కొట్టాడు. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డొల్లగా మోగింది. మళ్లీ ఇక్కడ, మళ్లీ అక్కడ. పాల ట్యాంకరు ఎంత నిండిందో చూడడానికి ఇలాగే కొట్టేవాడేమో.

"ఇది గట్టిగా ఉంది," అన్నాడు.

"అవును మావయ్యా."

"దీనికి రంగు లేదు."

"లేదు."

నేను నా చెప్పులు చూసుకుంటున్నాను. ఇప్పుడు నేను పావురాలని అనవచ్చు. నోట్లో దాకా వచ్చింది కూడా.

"రంగు వల్లే మావయ్యా," అన్నాను. "ఆర్కిటెక్టు చెప్పింది. తేమ బయటికి పోలేక గచ్చుని తోసేస్తోందట. రంగు తీసేస్తే గోడ నిలబడుతుందట."

"ఎవరికి తెలుసు?"

"అందరికీ."

"ఫబ్రీసియోకి?"

తలూపాను.

"ఎల్వియోకి?"

"రంగు అమ్మింది ఆయనేగా."

మావయ్య తెరిచిన గచ్చు పుస్తకం వైపు, దాని పక్కన చెవి లేని ఆడమనిషి వైపు చూశాడు. "మరి గోడ కొట్టించడం ఎందుకు?"

"మీకు చెప్పలేక," అన్నాను.

ఏడుస్తాడనుకున్నాను. అరుస్తాడనుకున్నాను. నూనె డబ్బా మూత బిగించి, జేబులో మరలు ఉన్నాయో లేదో తడుముకున్నాడు. "పద, ఎండెక్కుతోంది," అన్నాడు.

ఇంటికొచ్చి అన్నం తినడం, పడుకోవడం, లేవడం, అన్నీ మామూలే. నేను మాతే ఇస్తే పట్టుకుని కూర్చున్నాడు, చల్లారాక తాగాడు. నేను చేసిన పని ఫబ్రీసియోకి చెప్పాను. వాడు తిట్టలేదు. మంచం అంచున కూర్చుని బూట్ల తాళ్లు కడుతూ, "ఏమన్నాడు?" అన్నాడు.

"ఎండెక్కుతోందన్నాడు."

వాడు ఒక బూటు తాడు విప్పి మళ్లీ కట్టాడు.

సభకు హాలు నిండింది. మడత కుర్చీలు, పెద్ద ఫ్యాన్లు, విసనకర్రలు. మేం ముగ్గురం చివరి వరసలో కూర్చున్నాం. మావయ్యను చూసి అందరూ తల దించారు. దారి పొడవునా చేతులు నొక్కారు.

స్టేజి మీద రొసాల్బా కాగితం చదివింది. గోడ పరిస్థితి బాగా లేదంది. కారణాలు అనేకం అంది. పావురాలని మొదలుపెట్టారు ఒకరు. సోయా గింజల లారీలు వీధిలోంచి వెళ్తున్నప్పుడు గోడలు అదురుతున్నాయని మరొకరు. దక్షిణపు గాలి అని ఒకరు. మొన్నటి కరువు అని ఒకరు, మొన్నటి వానలు అని వాళ్ల పక్కనున్నవాళ్లు. ఎవరూ ఎవరి మాటా కాదనలేదు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఊరంతా కలిసి నీళ్లలో మునిగి మాట్లాడుకుంటున్నట్టుంది.

"నున్నగా చేయించడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి," అంది రొసాల్బా.

"పావురాలు కాదు," అన్నాడు మావయ్య.

ఆయన లేచి నిలబడ్డాడని నాకు అప్పుడే తెలిసింది.

"లారీలూ కాదు. రంగు. ఎర్సీలియా వేయించిన రంగు. తప్పు చేసింది."

"దెల్మో..." అంది రొసాల్బా. "అలా అనకు. దేవత లాంటి మనిషి."

"దేవతేంటి రొసాల్బా? ఆ గింజల కేకు ఎలా చేస్తావో నువ్వు చెప్పలేదని రెండు చలికాలాలు నీ మొహం చూడలేదు ఆవిడ. వీధిలో నువ్వొస్తే నన్ను లాక్కుని అవతలి పక్కకి దాటేది."

ఎవరో ముందు వరసలో ఫక్కున నవ్వి నోరు నొక్కుకున్నారు.

"చెప్పాను," అంది రొసాల్బా ఎర్రబడి. "చెప్పాను తర్వాత. వెన్న సగమే చెప్పాను."

ఈసారి నవ్వు ఆగలేదు. ఎల్వియో లేచాడు. "దోన్ దెల్మో, నేను అప్పుడే అన్నాను, మరీ అంత చిక్కటి రంగు వద్దు, కాస్త..."

"నువ్వు ఇంకో రెండు డబ్బాలు తీసుకోమన్నావు. నేను మోశాను."

"మోసింది నువ్వే, ఒప్పుకుంటాను," అన్నాడు ఎల్వియో, కూర్చుంటూ.

వెనక నుంచి రొట్టెల కొట్టు ఆవిడ అంది. "నా పెళ్లిలో ఆవిడకి నిద్రొస్తోందని స్టేజి ఎక్కి లైట్లు ఆర్పేసింది. కేకు చీకట్లో కోశాం." ఇంకొకాయన, అక్షరం తప్పు రాస్తే తన చెవి మెలేసిందని, ఇప్పటికీ ఆ చెవే బాగా వినిపిస్తుందని అన్నాడు. ఒక్కొక్కరే, ఒకరి మీద ఒకరు పడి చెప్పసాగారు. ఆవిడ మొండితనం, ఆవిడ తిట్లు, అరువిచ్చిన గొడుగు తిరిగివ్వలేదని ఆవిడ చేసిన రభస. ఫబ్రీసియో తల వంచుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చూడలేదు, చెయ్యి పట్టుకున్నాను. మావయ్య మాత్రం నిలబడే విన్నాడు. ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు తల తిప్పుతున్నాడు, లెక్క అప్పజెప్పుతున్న పిల్లల్ని చూసే మేస్టారులా.

అందరూ అలిసిపోయాక అన్నాడు. "బూడిద రంగే బావుంటుందని నేను చెప్పాను. నీకేం తెలుసు, పాలు తోలుకునేవాడివి అంది. గోడ కొట్టకండి. రంగు గీకండి. నేనొస్తాను."

చేతులెత్తమని ఎవరూ అడగకుండానే చేతులు లేచాయి. ఎల్వియో చెయ్యి ఆఖరున లేచింది, కానీ లేచింది.

ఇంటికి వెళ్తుంటే పికప్‌లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. ముందు రేకు సొట్ట ఇంకా అలాగే ఉంది. చాలా దూరం పోయాక మావయ్య అన్నాడు.

"ఏడుపొస్తుందనుకున్నాను అమ్మాయ్. రాలేదు. నాకేమీ అనిపించలేదు."

"పర్లేదు మావయ్యా."

"ఆ వెన్న సంగతి మాత్రం నిజం. మా ఇంట్లో ఆ కేకు ఎప్పుడూ పొడిగానే వచ్చేది."

గీకడం అదే వారం మొదలైంది. ఆర్కిటెక్టు మళ్లీ వచ్చి చెక్క గరిటె ఎలా పట్టుకోవాలో చూపించి, మళ్లీ సలామీ తీసుకుని వెళ్లింది. వేడినీళ్లలో ముంచిన గుడ్డలు గోడకు ఆనించి, రంగు మెత్తబడ్డాక మెల్లగా లేపడమే పని. ఒక్కోచోట పాము కుబుసంలా పొడుగ్గా వచ్చేది, ఒక్కోచోట ఒక పొద్దంతా గీకితే అరచెయ్యంత. ఒకప్పుడు పూసినవాళ్లే ఇప్పుడు గీకుతున్నారు. నేను నా స్తంభం అడుగు దగ్గరే కూర్చున్నాను. ఫబ్రీసియో నా పక్కన గరిటె పట్టుకుని తప్పుడు మాటలతో పాటలు పాడేవాడు. ఇక్కడ నవ్వడానికి దిండు అక్కర్లేదు.

పింగాణీ పలక ఏం చేయాలన్నది ఒకరోజు ప్రశ్న అయింది. ఇంక రంగు ఉండదు కదా, ఈ ముఖభాగానికి రంగు వేయబడినదని ఎలా ఉంచుతాం అన్నాడు ఎల్వియో. తీసి మావయ్యకు ఇచ్చేద్దాం, ఇంట్లో పెట్టుకుంటాడంది రొసాల్బా.

"ఉండనీ," అన్నాడు మావయ్య, నిచ్చెన దిగకుండా.

"చదివినవాళ్లు అడుగుతారు దెల్మో, రంగేదీ అని."

"అడిగితే చెప్పండి."

పలక ఉండిపోయింది.

మావయ్య రోజూ వచ్చేవాడు. మాట్లాడేవాడు కాదు. తన ముందున్న చోటు గీకేవాడు, తుడిచేవాడు, పక్కకు జరిగేవాడు. ఇంట్లో టీవీ ఇంకా శబ్దం లేకుండానే నడుస్తోంది. రొసాల్బా ఒకరోజు ఆ కేకు చేసి తెచ్చింది, వెన్న పూర్తిగా వేసి. ఆయన ముక్క తిని, గిన్నె తిరిగిచ్చేశాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. అత్తయ్య పోయిన ఏప్రిల్ మళ్లీ వచ్చింది. పొద్దున్నే గోడ ముట్టుకుంటే వేళ్లు చలికి జివ్వుమనేవి. అప్పటికి స్తంభాలు రెండూ బూడిద రంగుకు తిరిగాయి. ఎడమవైపు తల కింద, మా పెళ్లి ఫోటోలో పొంగిన చోట, మావయ్య గీకుతున్నాడు.

నేను నిచ్చెన కింద నిలబడి మాతే అందించాను. అప్పటికే అది నాలుగు చేతులు మారింది, మధ్యలో ఎల్వియో కబుర్లలో పడి బుర్ర పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నేనూ చూసుకోలేదు. మావయ్య గరిటె చంకలో పెట్టుకుని, బుర్ర అందుకుని, గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. ఒక గుటక. ఆగాడు. గొట్టం తీసి బుర్రలోకి చూశాడు.

"ఇది చల్లారిపోయింది."

"ఏంటి మావయ్యా?"

"చల్లగా ఉందంటున్నా." మొహం చిట్లించాడు. "మనుషులకిచ్చేదేనా ఇది? ఎర్సీలియాకి ఇచ్చుంటే బుర్ర నీ మొహాన కొట్టేది."

ఎల్వియో ఏదో అనబోయి నా మొహం చూసి మానేశాడు. నేను బుర్ర లాక్కుని లోపలికి పరుగెత్తాను. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. పూల పలకలు అరికాళ్లకు చల్లగా తగిలాయి. వెనక వంటగదిలో కెటిల్ పొయ్యి మీద పెట్టి, పాత ఆకు పారబోసి, కొత్త ఆకు నింపుతుంటే తొందరలో సగం బల్ల మీద పడింది.

నీళ్లు కాగేదాకా బయట గరిటె గీకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.